సాగదీసిన బొమ్మ

“సోమవారం రక్తనాళం శుభ్రంగా తెరిచి ఉందన్నారు. మంగళవారం మూసుకుపోయిందన్నారు. ఇవాళ బుధవారం, మళ్ళీ తెరుచుకుందంటున్నారు. మా తమ్ముడికి నాళాలు ఎన్ని జతలున్నాయనుకుంటున్నారు సార్, రోజుకొకటి మార్చుకోడానికి? లోపలున్నదేంటో మీకే తెలియనప్పుడు వాడి పొట్ట కొయ్యడానికి నన్నెందుకు ఒప్పుకోమంటున్నారు?”

ఈ మాటలన్నది బట్టలు కుట్టుకుని బతికే మనిషి. అనిపించుకున్నది ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. అది కూడా ఆయన గదిలో తలుపేసుకుని కాదు, వార్డు నడిమధ్యన, పది మంచాల వాళ్ళూ తలలెత్తి చూస్తుండగా.

డాక్టరు కోప్పడి ఉంటే బాగుండేది. కోపానికి కోపం ఎదురు పెట్టడం టైలరమ్మకి బాగా వచ్చు. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, “నాకూ అదే అర్థం కావట్లేదమ్మా” అన్నాడు.

తెలిసినవాడు అబద్ధమాడితే నిలదీయొచ్చు. తెలియనివాడు నిజం చెప్తే ఏం చెయ్యాలి?

“సాయంత్రం లోపు చెప్పండి. రేపు పొద్దున మొదటి కేసుగా పెడతాను. ఆ ఉబ్బుని ఇంకా వదిలెయ్యడానికి లేదు” అని ఆయన వెళ్ళిపోయాడు. మంచం మీద, తమ్ముడి మోకాళ్ళ దగ్గర, సంతకం లేని కాగితం మిగిలింది.

జరిగింది ఇది. తమ్ముడు కార్లకి రంగు కొట్టే పనివాడు. ముప్పై ఏళ్ళుగా షెడ్డులో పిచికారీ గన్ను పట్టుకుని, మూతికి చేతిరుమాలు కట్టుకుని రంగు కొట్టాడు. ఆ రుమాలు ఆపినంత ఆపింది, మిగతాదంతా ఊపిరితిత్తుల్లోకి పోయింది. నడుంనొప్పని నెల కిందట ఆస్పత్రికొస్తే నడుంలో ఏమీ లేదని, వేరేది బయటపడింది. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం బొడ్డు దగ్గర ఉబ్బి ఉంది. సైకిల్ ట్యూబు పలచబడ్డ చోట బుడగ లేస్తుందే, అలాగ. అది పగిలితే ఆస్పత్రి గేటు దాకా తెచ్చే టైము కూడా ఉండదన్నారు.

దానికి రెండు దారులు. ఒకటి, పొట్ట నిలువునా కోసి ఆ ముక్క మార్చడం. కానీ మత్తు డాక్టరు తమ్ముడి ఊపిరి పరీక్ష చూసి తల అడ్డంగా ఊపాడు. ఈ ఊపిరితిత్తులతో మిషను మీద పెడితే మళ్ళీ మిషను తియ్యగలమో లేదో మాటివ్వలేనన్నాడు. రెండోది, గజ్జల దగ్గర చిన్న రంధ్రం పెట్టి, అక్కడి నాళంలోంచి ఒక తీగ పైకి పంపి, దాని మీంచి ఒక గొట్టం తోసి, ఆ గొట్టంలో ముడుచుకుని ఉన్న గుడ్డ తొడుగుని ఉబ్బు లోపల విప్పడం.

“అంటే లోపల అస్తరు వేసినట్టా?” అని అడిగింది టైలరమ్మ అప్పట్లో.

“సరిగ్గా అదే” అన్నాడు డాక్టరు సంతోషపడిపోయి.

అస్తరు ఆమెకి అర్థమైంది. ఒప్పుకుంది. అక్క ఒప్పుకుంటే తమ్ముడు ఒప్పుకున్నట్టే. వాడి జీవితంలో అన్ని కాగితాల మీదా అదే వరస, పెళ్ళి కార్డుతో సహా.

మంగళవారం లోపలికి తీసుకెళ్ళారు. గంటన్నర అన్నది నాలుగు గంటలైంది. బయటికొచ్చి, “దారిలో మూసుకుపోయింది, గొట్టం ఎక్కలేదు, ఆపేశాం” అన్నారు. ఇవాళ పొద్దున మళ్ళీ స్కాన్ తీశారు. మూసుకున్నదేమీ లేదు. దారంతా తెరిచే ఉంది. అయినా ఇంక గజ్జల్లోంచి వద్దు, పొట్ట కోద్దాం అంటున్నారు. తెరిచి ఉంటే ఆ దారిన ఎందుకు వెళ్ళరు? మూసుకుని ఉంటే తెరిచి ఉందని కాగితం మీద ఎందుకు రాస్తారు? ఈ ముడి ఎటునుంచి విప్పినా విప్పినచోటే మళ్ళీ బిగుసుకుంటోంది.

“వదినా, ‘తెరిచి ఉంది’ అంటే మొన్న సంతోషపడ్డాను. ఇవాళ అదే మాటంటే భయమేస్తోంది” అంది మరదలు. ఆమె నిన్నట్నించీ ఒళ్ళో చెప్పుల సంచి పెట్టుకుని కూర్చుంది. మొగుడి చెప్పులు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు విప్పి ఇచ్చారు. మంచం కింద పెట్టుకోవచ్చు కదా అని ఎంతమంది చెప్పినా వదల్లేదు.

టైలరమ్మ తమ్ముడి తల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఒరేయ్, నిన్న నీకు మత్తివ్వలేదు కదా?”

“నడుం కింద మొద్దుబారేలా చేశారు. పైన మెలకువే. మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. అదే వచ్చిన చావు.”

“మొదట్నించీ చెప్పు. నీ సొంత కవిత్వం కలపకుండా చెప్పు.”

“ముందు సన్నతీగ పోయింది. ‘పోయింది, పోయింది’ అని మురిసిపోయారు. తర్వాత దాన్ని తీసి గట్టి తీగ పెట్టారు. దాని మీంచి గొట్టం తొయ్యాలట. గొట్టం ఎక్కట్లేదు. తిప్పి చూడండి అంటారొకరు, తిప్పొద్దు అంటారొకరు. ఇరుకు మెట్ల మీద బీరువా ఎక్కించేటప్పుడు అరుచుకుంటారు చూడు, అచ్చం అట్లా. మెట్లు నేనన్నమాట.”

“కలపొద్దన్నానా?”

“కలపలేదక్కా. తర్వాత నాకు రంగుమందు ఎక్కించారు, నాళాలు కనపడ్డానికి. జీవితమంతా నేను వేరేవాటికి కొట్టాను, నాకు కొట్టించుకోవడం అదే మొదలు. ఆ రంగు తెర మీద చూసి డాక్టరుగారు, ‘ఇదేంటి, మూడు చోట్ల నొక్కుకుపోయింది? స్కాన్‌లో లేదుగా?’ అన్నారు. చిరిగిందేమో అన్నారొకరు. గడ్డకట్టిందేమో అన్నారు ఇంకొకరు. ‘అయ్యా, నేనిక్కడే ఉన్నాను’ అన్నాను. ఎవరూ పలకలేదు.”

మరదలు చెప్పుల సంచి గట్టిగా పట్టుకుంది.

“ఆ తర్వాత?”

“ఆపేశారు. గట్టి తీగ బయటికి లాగేశారు. వదిలే ముందు ఇంకోసారి రంగుమందు కొట్టారు. అప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు, ‘సార్, ఇప్పుడు బానే ఉందే?’ అంది.”

“డాక్టరేమన్నాడు?”

“గడ్డ కాల్లోకి జారిందేమో చూడమన్నారు. పాదాలు పట్టుకుని చూశారు. నాడి బానే కొట్టుకుంటోందన్నారు. అంతేనక్కా. చేతి తొడుగులు పీక్కుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది.”

టైలరమ్మ ఆ మాటలు బుర్రలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ముందు లేదు, మధ్యలో ఉంది, చివర మళ్ళీ లేదు. వేసుకున్న గడియ తనంతట తానే తీసుకునే తలుపేంటి?

“నువ్వేమంటావు? సంతకం పెట్టెయ్యనా?” అన్నాడు తమ్ముడు.

“నీ ఒళ్ళు. నువ్వేమనుకుంటున్నావు?”

“నా ఒళ్ళే గానీ లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదుగా. నువ్వు చెప్తే పెడతా.”

ఆ మాట ఆమె నెత్తి మీద బండలా పడింది. వాడు సరదాగా అన్నాడు, వాడి కళ్ళు సరదాగా లేవు. ఆమె ఊ అంటే రేపు పొద్దున పొట్ట కోస్తారు. ఆ ఊపిరితిత్తులు తట్టుకోకపోతే ఆ ‘ఊ’ ఆమెదే. ఉహూ అంటే, లోపలి బుడగ ఏ దగ్గుకో పగిలితే, ఆ ‘ఉహూ’ కూడా ఆమెదే. చదువుకున్న ఇంతమంది డాక్టర్లు మోయలేని బరువుని నోటుబుక్కులో జాకెట్ల కొలతలు రాసుకునే మనిషి చేతిలో పెట్టి, దానికి ‘మీ ఇష్టం’ అని పేరు పెట్టారు.

ఆమె మంచం చివర కొక్కేనికి తగిలించిన ఫైలు తీసింది.

నర్సు పరిగెత్తుకొచ్చింది. “అమ్మా, ఫైలు బయటికి తీసుకెళ్ళకూడదు.”

“బయటికి కాదు, కిందికి.”

“ఎందుకు?”

“ఈ కాగితం రాసినవాళ్ళని అడగడానికి.”

“మీకు అర్థం కాదమ్మా అదంతా.”

“అందుకే కదమ్మా అడగడం. అర్థమయ్యేవాళ్ళెవరూ వెళ్ళి అడగలేదుగా!”

నర్సు ఇంకో మాటనేలోపు టైలరమ్మ మెట్లు దిగుతోంది.

కింది అంతస్తులో గోడల మీద బాణాలు గీసి ఉన్నాయి. స్కానింగ్ అని రాసిన బాణం పట్టుకుని వెళ్తే మందుల గది వచ్చింది. అక్కడి బాణం పట్టుకుని వెళ్తే మళ్ళీ దిగిన మెట్లే వచ్చాయి. రెండోసారి తిరిగేటప్పుడు గమనించింది, ఒక మూల రెండు బాణాలు ఎదురెదురుగా ఒకదాన్నొకటి చూపించుకుంటున్నాయి. ఆ రెంటి మధ్య నిలబడి ఫైలు తెరిచింది.

లోపల, సోమవారం కాగితంలోనూ ఇవాళ్టి కాగితంలోనూ, ఒకే రకం బొమ్మ. నల్లటి కాగితం మీద తెల్లటి పట్టీ, పైనుంచి కిందికి, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. పైన ఉబ్బు, దాని కింద తిన్నటి దారి. పక్కన అంగుళం అంగుళానికీ అంకెలు. అడుగున ఒక వాక్యం: రెండువైపులా నాళాలు తెరిచి ఉన్నాయి. ఇంత తిన్నటి దారిలో గొట్టం ఎందుకు ఎక్కలేదు? ఈ దారిలో కళ్ళు మూసుకుని బీరువా కూడా ఎక్కించొచ్చు!

చివరికి నేల తుడుస్తున్నామె చెయ్యి చూపిస్తే స్కాన్ గది దొరికింది.

గదిలో టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడు. నలభై దాటినవాడు, చలికి కోటు మీద స్వెట్టరు వేసుకున్నాడు. మిషను కోసం ఆ గది ఎప్పుడూ గడ్డకట్టేంత చల్లగా ఉంచుతారు. భోజనం డబ్బా మూత తీయబోతూ ఆగాడు.

“రిపోర్టులు కిటికీ దగ్గరిస్తారమ్మా.”

“రిపోర్టు ఉంది బాబూ. రిపోర్టుకి అర్థం కావాలి.”

“డాక్టరుగారు చెప్తారు.”

“డాక్టరుగారికీ అర్థం కాలేదట. నాతో ఆయనే చెప్పాడు, నీ మీదొట్టు.”

అతను నోరెళ్ళబెట్టాడు. డబ్బా పక్కకి జరిపి ఫైలు అందుకున్నాడు, నంబరు చూసి కంప్యూటర్‌లో కొట్టాడు. తెర మీద ఒక బొమ్మ తెరుచుకుంది. టైలరమ్మ వంగి చూసింది. ఎముకల మధ్యలోంచి ఎర్రగా ఒక నాళం దిగుతోంది. బొడ్డు దగ్గర ఉబ్బు. అక్కడ రెండుగా చీలింది. చీలిన రెండూ నడుం ఎముకల గిన్నెలోకి దిగుతూ ఒకటి ఎడమకి తిరిగి, వెనక్కి పోయి, మళ్ళీ ముందుకొచ్చి, తన మీద తనే పడుకుని, ఆ తర్వాతెప్పుడో గజ్జల్లోకి దిగింది. రెండోది ఇంకా అన్యాయం. నేల మీద వదిలేసిన తాడులా మెలికలు మెలికలుగా పడి ఉంది.

“ఇది మావాడిది కాదు” అంది.

“ఆయనదేనమ్మా.”

“కాదు బాబూ. నంబరు మళ్ళీ చూడు. మావాడిది తిన్నగా ఉంటుంది. ఇదిగో కాగితం.”

“అదీ ఆయనదే, ఇదీ ఆయనదే.”

“ఒక మనిషికి రెండెట్లా ఉంటాయి?”

అతను నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, రోజూ చేసే పని గురించి మొదటిసారి ఎవరో అడిగితే వచ్చే నవ్వు. “చూడండి” అని మౌసుతో ఏదో నొక్కాడు. తెర మీద మెలికలన్నీ ఒక్క క్షణంలో సాగిపోయి, తాడు నిట్టనిలువు పట్టీ అయిపోయింది. ఫైల్లో ఉన్న బొమ్మే. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మెలికలు.

ఆమె తెర మీదికి ఇంకా వంగింది. “ఏం చేశావు?”

“సాగదీశాను. కంప్యూటర్ చేస్తుంది. లోపల వెయ్యాల్సిన గుడ్డ తొడుగు ఎంత పొడవు, ఎంత వెడల్పు తెప్పించాలో కొలవాలి కదా. వంకరగా ఉంటే కొలవలేం. అందుకని సాగదీసి కొలుస్తాం. కొలతలు ఖచ్చితంగా వస్తాయి.”

“కొలవడానికి సాగదీశారు, సరే. మరి ఫైల్లో ఏది పెడతారు?”

“సాగదీసిందే. కొలతలుంటాయి కదా దాని మీద.”

“అసలుది?”

“ఫారంలో బొమ్మకి ఒకటే గడి ఉందమ్మా. నేను చేరకముందు నుంచీ అంతే.”

“ఇది సాగదీసిన బొమ్మ అని ఎక్కడన్నా రాసుందా?”

అతను కాగితం తిప్పాడు. ముందూ వెనకా చూశాడు. “రాయం. తెలిసిందే కదా.”

“ఎవరికి?”

“డాక్టర్లకి తెలిసే ఉంటుంది.”

“ఇంత వంకరగా ఉందని ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?”

“మమ్మల్ని అడిగేది మూసుకుందా తెరిచుందా అనే కదా. తెరిచే ఉంది. తప్పు రాయలేదమ్మా. కావాలంటే డాక్టరుగారే అడుగుతారు అసలు బొమ్మ. అడగలేదంటే అక్కర్లేదనే కదా?”

“అడగాలంటే ఇంకో బొమ్మ ఉందని తెలియాలిగా నాయనా!”

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. నలభై ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. గుండ్రటి ఒంటిని టేపు పెట్టి కొలిచి, కాగితం మీద బల్లపరుపుగా గీసి, గుడ్డ కత్తిరిస్తుంది. ఆ కాగితాన్ని ఎవరి చేతికన్నా ఇచ్చి ‘ఇదిగో మా కస్టమరు ఫోటో’ అని ఎప్పుడైనా అందా?

ఇక్కడ ఎవరూ దొంగలు కారు. అదే అసలు ఘోరం. దొంగ ఉంటే పట్టుకుని నాలుగు తగిలించొచ్చు. ఇక్కడ పై అంతస్తువాడు కిందివాడికి తెలిసే ఉంటుందనుకున్నాడు, కిందివాడు పైవాడికి తెలిసే ఉంటుందనుకున్నాడు. ఆ రెండు ‘తెలిసే ఉంటుంది’ల మధ్య ఒక మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, నాలుగు గంటలు తోశారు.

“లే” అంది.

“ఎక్కడికమ్మా?”

“పైకి. ఆ అసలు బొమ్మ అచ్చు తీసి పట్టుకుని నాతో రా.”

“నేను గది వదలకూడదు. భోజనం కూడా...”

“నీ డబ్బాలోది చల్లారితే నేను వేడిచేసి పెడతాను. మావాడు చల్లారిపోతే నువ్వేం చేస్తావు?”

అతను లేచాడు.

పెద్ద డాక్టరు తన గదిలో నిలబడే కాగితాలు చూస్తున్నాడు. తలుపు తట్టకుండా వచ్చిన ఇద్దర్నీ చూసి కనుబొమలు ఎగరేశాడు. టైలరమ్మ బల్ల మీద రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది.

ఆయన మొదట తిన్నటి బొమ్మ చూసి తలూపాడు. తర్వాత మెలికల బొమ్మ చూశాడు. “ఇదెవరిది?”

“ఆయనదే సార్” అన్నాడు టెక్నీషియన్.

“ఏది ఆయనది?”

“రెండూ సార్.”

డాక్టరు కూర్చున్నాడు. మెలికల బొమ్మని దగ్గరికి లాక్కుని వేలు పెట్టి దారి వెంబడి నడిపించాడు. ఎడమకి, వెనక్కి, ముందుకి. వేలు ఒక మెలిక దగ్గర ఆగింది. మూడు చోట్ల ఆగింది.

“నిన్న నొక్కుకుపోయినట్టు కనపడింది ఇక్కడే” అన్నాడు ఎవరితోనూ కాదన్నట్టు. “ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ.”

“నాకర్థమయ్యేలా చెప్పండి సార్” అంది టైలరమ్మ.

“గట్టి తీగ వంగదమ్మా. వంకర నాళంలో పెడితే దాన్ని బలవంతాన నిలబెట్టేస్తుంది. నాళం పొడవు ఎక్కువ, దారి తక్కువ అయిపోతుంది. మరి మిగిలిన పొడవు ఎక్కడికి పోవాలి?”

ఆమె చేతులు వాటంతట అవే కదిలాయి. “పైజమాకి నాడా ఎక్కించేటప్పుడు పిన్నీసు తోస్తుంటే గుడ్డంతా కుచ్చు పడిపోతుంది. అట్లాగా?”

“అట్లాగే. ఆ కుచ్చు తెర మీద చూస్తే మూసుకుపోయినట్టే కనపడుతుంది. తీగ తీసేస్తే మళ్ళీ సర్దుకుంటుంది.”

“అందుకే చివర్లో బానే ఉందని ఆ అమ్మాయెవరో అంది.”

“అంది” అన్నాడు డాక్టరు.

“మరి ఇది మీకు తెలియదా సార్, ఇట్లా కుచ్చు పడుతుందని?”

“తెలుసమ్మా. చదువుకున్నదే. నేను పాఠం చెప్పిందే. కానీ కాగితం తిన్నగా ఉందంటోంది. తిన్నటి నాళంలో మడతలెందుకు పడతాయి? పడవు. అందుకని చిరిగిందేమో, గడ్డేమో అని వేరేవన్నీ ఆలోచించాను. రాత్రంతా అదే. వంకరుంటే కిందివాళ్ళు చెప్తారనుకున్నాను.”

“మీకు తెలిసే ఉంటుందనుకున్నాం సార్” అన్నాడు టెక్నీషియన్.

టైలరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తిట్టాలని నోరు తెరిచింది. ఇద్దరూ ఎంత బిక్కమొహాలు వేసుకున్నారంటే, తిట్టు ఎటు విసరాలో తెలియలేదు.

“సరే, ఇప్పుడేంటి? మావాడి పొట్ట కొయ్యాలా వద్దా?”

డాక్టరు తల పట్టుకుని ఆలోచించాడు. ఈసారి తొందరపడలేదు. “గజ్జల్లోంచే మళ్ళీ ప్రయత్నం చెయ్యొచ్చు. నిన్నటి గొట్టం కాదు, దానికన్నా సన్నగా, మెత్తగా ఉండేది తెప్పించాలి. ఎల్లుండికి వస్తుంది. చెయ్యి దగ్గర నుంచి ఇంకో తీగ లోపలికి పంపి, గజ్జల్లోంచి బయటికి తీసి, రెండు కొసలూ ఇద్దరం పట్టుకుని బిగించాలి. అప్పుడు గొట్టానికి పట్టు దొరుకుతుంది. కుచ్చు కనపడితే కంగారు పడకుండా, మెత్తటి తీగ మార్చి మళ్ళీ రంగు కొట్టి చూడాలి.”

“ఖచ్చితంగా ఎక్కుతుందా?”

“తెలీదమ్మా. బలవంతంగా తోస్తే చిరగొచ్చు కాబట్టి తొయ్యను. ఎక్కకపోతే అప్పుడు కొయ్యడమే.”

“ఎల్లుండి దాకా ఆ బుడగ ఆగుతుందా?”

“ఇక్కడే పడుకోబెట్టి, రక్తపోటు పెరగకుండా చూసుకుంటూ ఉంటాం. ఆగుతుందనే అనుకుంటున్నాను. మాటివ్వలేను.”

పొద్దున కూడా ఇదే మనిషి తెలియదన్నాడు. ఆ తెలియకపోవడం చీకట్లో తడుముకునే తెలియకపోవడం. దీనికి కనీసం ఏది తెలుసో, ఏది తెలియదో గీత ఉంది. రెండు ‘తెలీదు’ల్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే టైలరమ్మ ఇదే ఎంచుకుంటుంది.

“ఆ పొట్ట కోసే కాగితం చింపెయ్యండి. ఇప్పుడు చెప్పిందంతా, ఎక్కకపోవచ్చన్నది కూడా, ఇంకో కాగితం మీద రాయండి. మా తమ్ముడి ముందు కూర్చుని ఈ మెలికల బొమ్మ చూపించి వాడికి చెప్పండి. వాడి ఒళ్ళు వాడు చూసుకుంటాడు” అంది.

“తప్పకుండా” అని డాక్టరు లేచాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఒక నర్సు వచ్చింది, చేతిలో ఫైలు. “సార్, తర్వాతి కేసు సిద్ధం. స్ట్రెచరు లిఫ్టు దగ్గరుంది. మీరొస్తే మొదలుపెడతారట.”

“వస్తున్నా.”

ఫైలు బల్ల మీద పెట్టి నర్సు అట్ట తెరిచింది. టైలరమ్మ చూడాలని చూడలేదు, కళ్ళ ముందే ఉంది. నల్లటి కాగితం. తెల్లటి పట్టీ, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. పక్కన అంకెలు. అడుగున ఒక వాక్యం.

“ఇదీ గజ్జల్లోంచేనా?” అని అడిగింది.

నర్సు డాక్టరు వైపు చూసింది. డాక్టరు టెక్నీషియన్ వైపు చూశాడు. టెక్నీషియన్ నేల వైపు చూశాడు.

“అమ్మా, మీ సంగతి తేలిందిగా, మీరు వెళ్ళండి. ఈ ఫారం సంగతి నేను మీటింగులో పెడతాను. మార్చాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి, అచ్చు వేయించాలి, దానికో పద్ధతి ఉంటుంది” అన్నాడు డాక్టరు.

“మీటింగు మీరు ఎప్పుడైనా పెట్టుకోండి. లిఫ్టు దగ్గర పడుకున్నాయన మీటింగు దాకా ఆగడుగా!”

“అమ్మా...”

టైలరమ్మ వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఆమె గొంతు పొద్దున్నలా అరుపుగా లేదు. కొలత చెప్తున్నట్టుంది.

“ఆయన్ని లిఫ్టు ఎక్కించొద్దని ఫోన్ చేసి చెప్పండి. ముందు ఇతన్ని కిందికి పంపి ఆయన అసలు బొమ్మ తెప్పించండి. మీ కళ్ళతో చూశాకే బల్ల ఎక్కించండి. ఆ తర్వాత ఈ ఆస్పత్రిలో గజ్జల్లోంచి తీగ పెట్టబోయే ప్రతి మనిషి ఫైలూ తియ్యండి. సాగదీసిన దాని పక్కన సాగదీయనిది పెట్టండి. ఫారంలో గడి లేకపోతే పిన్ను కొట్టండి. సాగదీసిన దాని నెత్తిన ఇది సాగదీసిన బొమ్మ అని పెన్నుతో పెద్ద అక్షరాలతో రాయండి. వంకర ఎంతుందో కింద ఒక్క ముక్క రాయండి, రాసినవాళ్ళు పేరు పెట్టండి. చదివినవాళ్ళు కూడా పేరు పెట్టండి. రేపు కాదు, ఫారం అచ్చయ్యాక కాదు. ఫోన్ ఎత్తండి సార్.”